మెసా ఆర్వీ పార్కులో మూడు చలికాలాలు

మిన్నెసోటా మంచు ఇక పడలేమని, రిటైరయ్యాక చలికాలం నాలుగు నెలలూ అరిజోనాలో ఆర్వీ పార్కులో, అంటే చక్రాల ఇళ్ళు నిలుపుకునే చోట, ఉందామనుకుంటున్నామని రాశారు. శాకాహారులం, ఇద్దరమే, రోజులు ఎలా గడుస్తాయని మీ అనుమానం. మేము మిషిగన్ వాళ్ళం. ఫీనిక్స్ పక్కనున్న మెసాకు మూడేళ్ళుగా డిసెంబరులో వెళ్ళి ఏప్రిల్ మొదటి వారంలో తిరిగొస్తున్నాం.

మీ ప్రశ్నలో ముప్పావు వంతు బండి గురించే, అంటే ట్రక్కు వెనక లాగే ట్రైలర్ ఇంటి గురించే ఉంది. ఎంత పొడవు కొనాలి, ఏ ట్రక్కు లాగుతుంది అని. నేనూ మొదటి ఏడాది ఇలాగే కాగితాల నిండా లెక్కలు వేశాను. బండి సంగతులు పది రోజుల్లో పట్టుబడతాయి. నాలుగు పడకగదుల ఇంట్లో ఎవరి మూల వాళ్ళదిగా పాతికేళ్ళు బతికిన మొగుడూ పెళ్ళాలు 28 అడుగుల డబ్బాలో ఎదురెదురుగా కూర్చోవడమే అంత సులభంగా పట్టుబడదు. మా ట్రైలర్లో ఫ్రిజ్ తలుపు తెరిస్తే స్నానాలగదికి దారి ఉండదు. ఆవిడ పోపు వేస్తే నేను తుమ్ముతాను. నేను వార్తలు పెడితే ఆవిడ చెవులు మూసుకుంటుంది. మొదటి జనవరిలో రెండో వారానికల్లా మా మధ్య మాటలు ఉప్పు, టీ, కరెంటు దగ్గరికి వచ్చి ఆగాయి.

ఆ వాతావరణం బయటికి కూడా తెలిసిందేమో, పక్క స్థలంలో ఉండే కెనడా ఆవిడ ఒకరోజు వచ్చి మా ఆవిడను పార్కులోని క్విల్టింగ్ గదికి, అంటే గుడ్డముక్కలు కలిపి దుప్పట్లు కుట్టే గదికి, తీసుకెళ్ళింది. మా ఆవిడది గుంటూరు వైపు పల్లె. పాత చీరలు పొరలుగా పేర్చి బొంత కుట్టడం చిన్నప్పుడు వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది, తర్వాత నలభై ఏళ్ళు సూది ముట్టలేదు. అక్కడ అందరివీ కుట్టుమిషన్లే. ఈవిడ చేత్తో వరస తర్వాత వరస కుట్టుకుంటూ పోతుంటే చుట్టూ చేరి చూశారట. ఇప్పుడు మంగళవారాలు నలుగురికి బొంత కుట్టడం నేర్పుతోంది. మా సామానులో పాత నేతచీరల పెట్టె ఒకటి అదనంగా చేరింది. దాని బరువు గురించి నేను మాట్లాడకూడదు.

నాకు వడ్రంగి షెడ్డు దొరికింది. ఉద్యోగమంతా కార్ల విడిభాగాల బొమ్మలు గీసినవాణ్ణే తప్ప చేత్తో చెక్క కోసి ఎరుగను. మొదట చేసిన పీట మూడు కాళ్ళ మీదే నిలబడుతుంది, నాలుగోది అలంకారం. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా నేను అక్కడుంటే ట్రైలర్ ఆవిడది. మధ్యాహ్నం ఆవిడ వెళ్తే నాది. ఈ ఏర్పాటు కుదిరాకే మళ్ళీ మాట్లాడుకోవడం మొదలైంది. అందుకే పార్కు ఎంచుకునేటప్పుడు ఈతకొలను ఫొటోలు కాదు, వారం రోజుల కార్యక్రమాల పట్టిక అడిగి తెప్పించుకోండి. టెన్నిస్ లాంటి పికిల్‌బాల్ ఆట అందరూ ఆడతారు, మిమ్మల్నీ లాగుతారు. మోకాళ్ళు జాగ్రత్త.

సాయంత్రాలు ఫోన్లకు. అరిజోనాలో చాలాచోట్ల గడియారం ముందుకూ వెనక్కూ జరపరు, కాబట్టి ఇండియాతో తేడా ఎప్పుడూ పన్నెండున్నర గంటలే. ఇక్కడ రాత్రి 7 అయితే మా తమ్ముడికి ఉదయం 7:30, కాఫీ తాగుతూ ఉంటాడు. మిషిగన్‌లోని మనవళ్ళతోనే చిక్కు. మామూలుగా రెండు గంటల తేడా, మార్చి రెండో ఆదివారం నుంచి మూడు. మేము తిండి ముగించేసరికి వాళ్ళు నిద్రపోతుంటారు.

తిండి సంగతికి వస్తే, తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ విందుల్లో చిక్కుడుకాయల కూరలో కూడా పందిమాంసం ముక్కలుండవచ్చు, రంగురంగుల జెల్లీలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జిలెటిన్ ఉంటుంది. మొహమాటపడకుండా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. మేము పులిహోర తీసుకెళ్తాం. చింతపండు అంటే తెలియనివాళ్ళు కూడా రెండోసారి వడ్డించుకుంటారు. సరుకులకు పక్కనే చాండ్లర్ ఉంది. కంప్యూటర్ చిప్‌ల కర్మాగారాల పుణ్యమా అని అక్కడ మనవాళ్ళు బాగానే ఉన్నారు. మారికోపాలో మహాగణపతి ఆలయానికి కారులో గంటలోపే. కరివేపాకు మొక్క మాత్రం ఇంటి నుంచి మోసుకురావాలని చూడకండి. నారింజ, నిమ్మ చెట్లకు తెగులు తెచ్చే పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది కాబట్టి ఆ మొక్కల రవాణాకు ఆంక్షలున్నాయి.

సంక్రాంతికి కంకర మీద ముగ్గు కుదరదు. ట్రైలర్ ముందు చిన్న సిమెంటు గచ్చు ఉంటుంది, మా ఆవిడ దాని మీదే వేస్తుంది. నిరుడు బియ్యప్పిండి ముగ్గు పూర్తయ్యేలోపే ఎడారి కౌజుపిట్టలు గుంపుగా వచ్చి ఒక మూల తినేశాయి. వాటి కోసమే కదా వేసేది అని ఆవిడ మిగతాది అలాగే వదిలేసింది.

ఇప్పుడు బండి. 30 ఆంపియర్ల కనెక్షన్ అంటే మొత్తం 3,600 వాట్లు. 1,500 వాట్ల హీటరు పెట్టుకుని 1,800 వాట్ల ఇండక్షన్ పొయ్యి మీద దోసెలు వేస్తూ ఎవరైనా మైక్రోవేవ్ నొక్కితే చీకటే. ఎడారి కదా చలి ఏముంటుందని అనుకోకండి. పగలు స్వెటర్ విప్పేసినా జనవరి రాత్రులు 5 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోతాయి. దోసెల రోజు హీటరు ఆపడం మా ఇంటి చట్టం.

టాయిలెట్ ట్యాంకు గురించి సిగ్గు విడిచి చెబుతాను. మురుగు గొట్టం తగిలించి ఉంది కదా, ఇంట్లో లాగే పోతుందని మొదటి నెలంతా దాని కవాటం తెరిచే ఉంచాను. అలా ఉంచితే నీళ్ళు జారిపోతాయి, అసలుది లోపలే గుట్టగా గడ్డకడుతుంది. కెనడాలోని సస్కాచెవాన్ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ రైతు రెండు రోజులు నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని వదిలించాడు. మూసి ఉంచాలి, మూడింట రెండొంతులు నిండాక తెరవాలి. ముందు ఆ ట్యాంకు, తర్వాత స్నానం నీళ్ళది, అప్పుడు గొట్టం కూడా కడుక్కుపోతుంది. ఇది చెప్పేటప్పుడు ఆయన ఒక్కసారి కూడా నవ్వలేదు. నవ్వు ఆపుకోలేకపోయింది మా ఆవిడే.

పార్కులు చాలావరకు 55 ఏళ్ళు దాటినవాళ్ళకే. పిల్లలు, మనవళ్ళు వస్తే ఎన్నాళ్ళు ఉండవచ్చో ముందే అడగండి, మా పార్కులో రెండు వారాలు. నెలవారీ అద్దెకు కరెంటు మీటరు వేరే తిరుగుతుంది. పెద్దవాళ్ళకు ప్రభుత్వమిచ్చే వైద్య బీమా, మీది ఒరిజినల్ మెడికేర్ అయితే దాన్ని తీసుకునే డాక్టరు ఏ రాష్ట్రంలోనైనా చూస్తాడు. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ అయితే బయల్దేరకముందే ఫోన్ చేసి కనుక్కోండి, చాలావాటి డాక్టర్ల నెట్‌వర్క్ ఊరి చుట్టుపక్కలకే పరిమితం.

ట్రైలర్ ఇప్పుడే కొనకండి. మొదటి ఏడాది ఒక నెలకు పార్క్ మోడల్ అద్దెకు తీసుకోండి. అది కదలని చిన్న ఇల్లు, 400 చదరపు అడుగుల లోపు. ఫిబ్రవరి కావాలంటే వేసవిలోనే మాట్లాడుకోవాలి. మేము మొదటిసారి దాదాపు 2,000 మైళ్ళు ట్రైలర్ లాగి, ఓక్లహోమా గాలికి స్టీరింగు పట్టుకున్న చేతులు మూడు రోజులు వణికించుకున్నాం. ఇప్పుడు దాన్ని ఏడాది పొడుగునా అక్కడే ఉంచి కారులో వెళ్తున్నాం. అక్కడి వేసవి ఎండకు టైర్లు పగులుతాయి, కప్పి ఉంచాలి.

వంటసామాను ఏం తెచ్చుకోవాలని కూడా అడిగారు. రెండు లీటర్ల కుక్కరు చాలు, ఐదు లీటర్లది ఆ సింకులో పట్టదు. మిక్సీ తెచ్చుకోండి కానీ ఉదయం ఎనిమిది లోపు తిప్పకండి. పక్క ట్రైలర్ పది అడుగుల దూరంలోనే ఉంటుంది.