టెక్ సందేహాలు: జవాబు కలిసింది, ప్రోగ్రామ్ ఎందుకు కూలింది?

ఈ మధ్య ఉత్తరాల్లో ఒకే ఫిర్యాదు రకరకాల రూపాల్లో వస్తోంది. ఓపెన్ సోర్స్ లెక్కల లైబ్రరీ నుంచి ఒక అసెంబ్లీ ఫైల్ (ప్రాసెసర్ సూచనలను నేరుగా రాసిన కోడ్) తీసుకోవడం, దాన్ని వేరే అసెంబ్లర్‌కో (ఆ కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే సాధనం) వేరే ప్రాసెసర్‌కో మార్చడం, కొన్ని సంఖ్యలు వేసి చూసి పని అయిపోయిందనుకోవడం. తర్వాత ఎక్కడో సంబంధం లేని చోట ప్రోగ్రామ్ పడిపోతోంది. అందుకే ఈ వారం మూడు ఉత్తరాలే తీసుకున్నాను. మొదటిదానికి చోటు ఎక్కువ పడుతుంది.

ప్రశ్న: బీటెక్ ప్రాజెక్టు కోసం, పెద్ద సంఖ్యల లెక్కలు చేసే జీఎంపీ లైబ్రరీలోని కూడిక, గుణకారం అసెంబ్లీ ఫైళ్లను విండోస్‌లో వాడుకునేలా మార్చాను. కోటి ర్యాండమ్ సంఖ్యలతో సరిచూస్తే ఒక్క తేడా రాలేదు. డీబగ్ బిల్డ్ బాగా నడుస్తోంది. రిలీజ్ బిల్డ్ మాత్రం ఒక్కోసారి క్రాష్ అవుతోంది, అదీ నా ఫంక్షన్‌లో కాదు, దాన్ని పిలిచిన చోట. రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. లైబ్రరీలో బగ్ ఉందా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: లైబ్రరీలో కాదు, మీ మార్పిడిలో ఉంది. ఒక అసెంబ్లర్ రాత నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు శాతం గుర్తులు తీసేసి, ఆపరాండ్ల (సూచన పని చేసే విలువల) వరుస తిప్పి ఉంటారు. అక్కడికి సరే. అసెంబ్లీలో రాతకన్నా ముఖ్యమైనది, ఏ రిజిస్టర్ (ప్రాసెసర్ లోపల విలువ పెట్టుకునే చోటు) ఎవరి సొత్తు అన్న ఒప్పందం.

లినక్స్‌లో ఫంక్షన్‌కు ఇచ్చే మొదటి నాలుగు విలువలు ఆర్‌డీఐ, ఆర్‌ఎస్ఐ, ఆర్‌డీఎక్స్, ఆర్‌సీఎక్స్ రిజిస్టర్లలో వస్తాయి. విండోస్‌లో ఆర్‌సీఎక్స్, ఆర్‌డీఎక్స్, ఆర్8, ఆర్9లో వస్తాయి. ఇది మీరు సర్దే ఉంటారు, లేకపోతే జవాబులే కలిసేవి కావు. మరిచిపోయింది మిగతా సగం. లినక్స్‌లో ఆర్‌డీఐ, ఆర్‌ఎస్ఐలను ఫంక్షన్ తనకు నచ్చినట్టు వాడేసుకోవచ్చు. విండోస్‌లో అవి పిలిచినవాళ్లవి. వాడుకున్నా, వెళ్లేటప్పుడు ఎలా ఉన్నవి అలా పెట్టి వెళ్లాలి. ఎక్స్ఎంఎం6 నుంచి ఎక్స్ఎంఎం15 వరకు ఉండే వెడల్పాటి రిజిస్టర్లూ ఇంతే.

తప్పులు వెతకడానికి కట్టే డీబగ్ బిల్డ్‌లో కంపైలర్ విలువలను మెమరీలో దాచి, కావాల్సినప్పుడల్లా మళ్లీ తెచ్చుకుంటుంది. అందుకే తప్పు బయటపడలేదు. వేగం కోసం సానబట్టే రిలీజ్ బిల్డ్‌లో మీ మెయిన్ లూప్ పాయింటర్‌ను ఆర్‌ఎస్ఐలో పెట్టుకుని మీ ఫంక్షన్‌ను పిలుస్తుంది. తిరిగొచ్చేసరికి అందులో ఉండేది మీ అసెంబ్లీ వదిలేసిన చిరునామా. కూడిక సరిగ్గానే వచ్చింది, పిలిచినవాళ్ల ఇల్లు మాత్రం పాడైంది.

అసలు మీరు చేతితో మార్చాల్సిన అవసరమే లేదు. జీఎంపీలో ఎం4 మాక్రోలతో (ఒక పేరు రాస్తే దాని చోట కోడ్ నింపే ఏర్పాటు) రాసిన ఈ ఫైళ్ల మొదట్లో ఫంక్_ఎంట్రీ అని ఒక మాక్రో కనిపిస్తుంది. విండోస్‌కు బిల్డ్ చేస్తే అదే ఆర్‌డీఐ, ఆర్‌ఎస్ఐలను దాచి, విలువలను లినక్స్ వరుసలోకి సర్దుతుంది. చివర ఉండే ఫంక్_ఎగ్జిట్ వాటిని తిరిగి పెడుతుంది. లినక్స్‌లో బిల్డ్ చేస్తే ఆ రెండు చోట్లా ఏ కోడూ పుట్టదు. మీరు ఆ రెండు పంక్తులను పనికిరానివనుకుని తీసేసి ఉంటారని నా గట్టి అనుమానం. విండోస్ కోసం బిల్డ్ చేసే సాధనం మింగ్‌డబ్ల్యూ-64తో నేరుగా బిల్డ్ చేసుకోండి.

ఇది విద్యార్థులే చేసే పొరపాటు అనుకోకండి. ఇంటర్నెట్ భద్రతకు వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీ బృందం 2023 సెప్టెంబరులో ఒక హెచ్చరిక ఇచ్చింది (సీవీఈ-2023-4807; సీవీఈ అంటే బయటపడ్డ భద్రతా లోపానికి వేసే నంబరు). ఏవీఎక్స్512-ఐఎఫ్ఎంఏ అనే ప్రత్యేక సూచనలు ఉన్న ప్రాసెసర్ల కోసం రాసిన పాలీ1305 (సందేశాన్ని ఎవరూ మార్చలేదని సరిచూసే పద్ధతి) అసెంబ్లీ, విండోస్‌లో 64 బైట్లకు మించిన డేటా మీద పని చేశాక ఎక్స్ఎంఎం రిజిస్టర్లను పాత విలువలతో నింపకుండా సున్నాలు చేసి వెళ్లిపోతోంది. పాలీ1305 జవాబు తప్పు కాదు. చెడిపోయింది దాన్ని పిలిచిన ప్రోగ్రామ్ లెక్క.

ఇప్పుడు మీ కోటి ర్యాండమ్ సంఖ్యల సంగతి. ఇదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. చిన్నప్పుడు ఎక్కాల లెక్క చేస్తూ "ఆరు వేసి అయిదు చేతిలో" అనుకునేవాళ్లం కదా, ఆ చేతిలో ఉన్నదే క్యారీ. పెద్ద సంఖ్యలను 64 బిట్ల ముక్కలుగా గుణించేటప్పుడు కింది ముక్క నుంచి వచ్చిన ఒకటిని పై ముక్కకు కలుపుతాం. ఆ పై ముక్క అప్పటికే అన్నీ ఒకట్లతో నిండి ఉంటే అక్కడా పొంగి, ఇంకో క్యారీ పుడుతుంది. దాన్ని పట్టుకునే ఒక్క ప్రాసెసర్ సూచన మార్పిడిలో జారిపోయిందనుకుందాం. 64 బిట్లూ ఒకట్లే అయ్యే ర్యాండమ్ సంఖ్య రావడానికి అవకాశం 2 ఘాతం 64లో ఒకటి. సెకనుకు పది లక్షల పరీక్షలు నడిపినా, అంతటి ప్రయత్నాల సంఖ్య పూర్తి కావడానికి అయిదు లక్షల ఏళ్లు దాటుతుంది.

ఇదేం ఊహ కాదు. ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో వర్గం లెక్కించే బీఎన్_ఎస్‌క్యూఆర్ ఫంక్షన్‌లో ఇలాంటి తప్పునే 2015 జనవరిలో ప్రకటించారు (సీవీఈ-2014-3570). ర్యాండమ్‌గా తప్పు జవాబు వచ్చే అవకాశం ఒక 32 బిట్ ప్లాట్‌ఫామ్ మీద 2 ఘాతం 64లో ఒకటి, 64 బిట్ ప్లాట్‌ఫామ్‌ల మీద 2 ఘాతం 128లో ఒకటి అని ఆ బృందమే లెక్క చెప్పింది.

మరి పట్టుకోవడం ఎలా? పొడవైన ఒకట్ల వరుస, పొడవైన సున్నాల వరుస ఉండే సంఖ్యలతో పరీక్షించాలి. జీఎంపీలో ఎంపీజెడ్_ఆర్‌ర్యాండంబీ ఫంక్షన్ ఉన్నది సరిగ్గా ఇందుకే. అసెంబ్లీ రాసేవాళ్ల కోసం టెస్ట్స్ ఫోల్డర్‌లోని డెవెల్‌లో ట్రై అనే ప్రోగ్రామ్ ఉంది. మీ ఫంక్షన్‌నూ మామూలు సీలో నిదానంగా రాసిన నమూనానూ పక్కపక్కన నడిపి పోలుస్తుంది. సంఖ్యల అంచుల్లో తాకకూడని మెమరీ పేజీలు పెట్టి, ఒక్క ముక్క ఎక్కువ చదివినా పట్టేస్తుంది. జవాబు రాసే చోటూ ఇచ్చిన సంఖ్య చోటూ ఒకటే అయితే ఏమవుతుందో కూడా చూస్తుంది. ఫంక్షన్ తిరిగొచ్చాక కాపాడాల్సిన రిజిస్టర్లు చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో చూసే కోడ్ కూడా ఆ టెస్ట్స్ ఫోల్డర్‌లోనే ఉంది. ఇంత శ్రమపడి తయారుచేసి ఉచితంగా ఇస్తే, దాన్ని తెరవకుండానే "టెస్ట్ చేశాను" అంటుంటే నాకు బాధగా ఉంటుంది.

మీ ప్రాజెక్టు పేరులో ఆర్‌ఎస్ఏ సంతకం (రహస్య కీతో వేసి, పబ్లిక్ కీతో సరిచూసే డిజిటల్ సంతకం) అని ఉంది కాబట్టి ఇంకో మాట. వేగం కోసం సంతకాన్ని రెండు ప్రధాన సంఖ్యల మీద విడివిడిగా లెక్కించి కలుపుతారు. అందులో ఒక సగం మాత్రమే తప్పితే, ఆ తప్పు సంతకం ఒక్కటి దొరికినా చాలు. పబ్లిక్ కీతో ఒక గ.సా.భా. కట్టి రహస్య ప్రధాన సంఖ్యను బయటికి లాగేయొచ్చు. బోనే, డిమిలో, లిప్టన్‌ల బృందం తెరిచిన ఈ దారి 1997 నుంచీ అందరికీ తెలిసిందే. అంటే క్యారీ జారితే పోయేది ఒక లెక్క కాదు, తాళంచెవి మొత్తం. సంతకాన్ని బయటికి పంపే ముందు పబ్లిక్ కీతో మీరే ఒకసారి సరిచూసుకోండి.

దీనికన్నా నన్ను భయపెట్టేది ఇంకొకటి ఉంది. జవాబులు ఎంత సరిచూసినా దొరకని మార్పిడి అది. రహస్య సంఖ్యలతో పని చేసే ఫంక్షన్లలో, ఉదాహరణకు జీఎంపీలో ఎంపీఎన్_సెక్ అని మొదలయ్యేవాటిలో, "బిట్ ఒకటైతే ఇటు, సున్నా అయితే అటు" అనే జంప్ ఉండకుండా మాస్క్‌తో (కావాల్సిన బిట్లనే ఉంచే సంఖ్యతో) లెక్క నడుపుతారు. మార్చేవాళ్లకు అది చుట్టుతిరుగుడుగా కనిపించి, చక్కగా ఒక జంప్ పెట్టేస్తారు. జవాబు ప్రతిసారీ సరైనదే. కానీ పట్టే సమయం రహస్య బిట్‌ను బట్టి మారుతుంది, ఆ సమయాన్ని కొలిచేవాడికి కీ బిట్టు బిట్టుగా చేరిపోతుంది. జవాబులు పోల్చే పరీక్ష ఏదీ దీన్ని పట్టుకోలేదు. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అనే సాధనంలో రహస్య సంఖ్య ఉన్న మెమరీని "ఇంకా విలువ పెట్టనిది" అని గుర్తు పెట్టి నడపండి. దాని మీద ఆధారపడ్డ జంప్ ఎక్కడున్నా అది కేకేస్తుంది. మీరు మార్చిన ప్రతి రహస్య ఫంక్షన్‌కూ ఇది చేయాల్సిందే.

ప్రశ్న: లినక్స్‌లో సరిగ్గా నడిచే జీఎంపీ ప్రోగ్రామ్, విండోస్‌లో పెద్ద సంఖ్యలు ఇస్తే ఏ ఎర్రరూ లేకుండా తప్పు జవాబు ఇస్తోంది. ఇదీ అసెంబ్లీ తప్పేనా?
– ఒక ప్రోగ్రామర్, హైదరాబాద్

జవాబు: కాదు. 64 బిట్ విండోస్‌లో కూడా సీ భాషలోని లాంగ్ అనే సంఖ్యల రకం 32 బిట్లే. దాన్నే తీసుకునే జీఎంపీ ఫంక్షన్ ఎంపీజెడ్_సెట్_యూఐకి 4,29,49,67,295 దాటిన సంఖ్య ఇస్తే పై భాగం నిశ్శబ్దంగా తెగిపోతుంది. ఎంపీజెడ్_ఇంపోర్ట్ వాడండి, లేదా సంఖ్యను స్ట్రింగ్‌గా ఇవ్వండి. కంపైలర్ వార్నింగులు ఆపేసి ఉంటే ముందు అవి ఆన్ చేయండి.

ప్రశ్న: ఇంట్లో పాత వైఫై రూటర్ ఉంది, అప్‌డేట్లు ఆగిపోయాయి. ఈ లైబ్రరీల గొడవ నాలాంటి మామూలు మనిషికి కూడా వర్తిస్తుందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వర్తిస్తుందండీ. రూటర్ అడ్మిన్ పేజీలో కనిపించే తాళం గుర్తు వెనక ఇలాంటి లైబ్రరీయే ఉంటుంది. లైబ్రరీ రాసినవాళ్లు తప్పు దొరికితే ఒప్పుకుని, నంబరు వేసి, సరిచేసి విడుదల చేస్తారు. జీఎంపీ 6.2.1 వరకు ఉన్న ఒక ఓవర్‌ఫ్లో, అంటే కేటాయించిన చోటు దాటి పొంగే తప్పు (సీవీఈ-2021-43618), 32 బిట్ యంత్రాలనే కూల్చేది. చవక పెట్టెల్లో చాలావరకు ఉండేవి ఆ 32 బిట్ చిప్‌లే. సరిచేసిన కోడ్ అందరికీ అందుబాటులో ఉన్నా, పెట్టె అమ్మినవాళ్లు దాన్ని మళ్లీ బిల్డ్ చేసి పంపకపోతే మీ ఇంటికి ఎలా చేరుతుంది? పంపినప్పుడు కూడా "పనితీరు మెరుగుపరిచాం" అని ఒక్క వాక్యం రాస్తారు. లోపల ఏ లైబ్రరీ, ఏ వెర్షన్ అని చెప్పరు. మందు డబ్బా మీద ఎక్స్‌పైరీ తేదీ వేస్తారు, ఇంటి ఇంటర్నెట్ అంతా మోసే పెట్టె మీద అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో వేయరు. ఇది అడగాల్సిన హక్కు మనకుంది, కొనేటప్పుడే అడగాలి.

మీ రూటర్ విషయానికొస్తే, బయటి నుంచి అడ్మిన్ పేజీ తెరిచే రిమోట్ మేనేజ్‌మెంట్‌ను ఈ రోజే ఆపేయండి. వీలైనంత త్వరగా దాన్ని మార్చేయండి. కొత్తది కొనేటప్పుడు స్పీడు తర్వాత, అప్‌డేట్లు ఏ సంవత్సరం వరకు ఇస్తారో ముందు అడగండి. రాతపూర్వకంగా చెప్పలేకపోతే ఆ డబ్బా తీసుకోకండి.