అక్కతో ఒక మాట: ఫోన్ పెట్టేశాక ఏడుపొస్తోంది

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా ఆయన ఆర్మీలో నాయక్. అరుణాచల్‌లో ఫీల్డ్ పోస్టింగ్, ఫ్యామిలీని తీసుకుపోవడానికి లేదు. క్రిస్మస్‌కు లీవు దొరికిందన్నారు. పాపకు గౌను కూడా కుట్టించినాను. చివర్లో రద్దయింది. సిగ్నల్ దొరికినప్పుడే ఫోన్ చేస్తారు, ఆ కాసేపూ అరిచేస్తాను. పెట్టేశాక ఏడుస్తాను. చర్చిలో స్త్రీల మైత్రి కూటంలో ఒకామె "విశ్వాసముంటే ఓపిక దానంతటదే వస్తుంది" అంది. నాకు విశ్వాసం లేదా అక్కా?
- ఒక సోదరి, కడప జిల్లా

జవాబు: చెల్లీ, ముందు ఆ మాట అన్నామె భర్త రోజూ సాయంత్రానికి ఇంటికొస్తాడేమో కనుక్కో.

తర్వాత బైబిల్లో 13వ కీర్తన తియ్యి. ఆరు వచనాలే. దావీదు మొదలుపెట్టడమే ఎంతకాలం, ఎంతవరకు అని దేవుణ్ని నిలదీస్తాడు. నన్ను మరిచిపోతావా అని అడుగుతాడు. ఆయనకు విశ్వాసం లేదని మనమెవరమూ అనం. చివర్లో పాట పాడతాననే అంటాడు, కానీ అడగాల్సిందంతా అడిగాకే. మనమేమో ముందు వచనాలు మింగేసి ఆదివారం ఆ చివరి వచనమే పాడతాం. మింగింది ఎక్కడికి పోతుంది? ఫోన్లో మీ ఆయన మీద పడుతుంది.

మా ఆయన కశ్మీర్లో ఉన్నప్పుడు మాకు ఉత్తరాలే దిక్కు. అడ్రసులో 56 ఏపీఓ అని ఆర్మీ పోస్టాఫీసు నంబరు ఉంటుంది తప్ప మనిషి ఏ కొండ మీదున్నాడో తెలియదు. పొద్దున సంగటి గెలుకుతూ నా గోడంతా ప్రభువుకు చెప్పేదాన్ని, నోరు తెరిచి, గట్టిగానే. వాకిట్లో చెనక్కాయలు వొలుస్తూ మా అత్త "ఎవరితోనే కొట్లాట?" అనేది. దేవుడితో అత్తా అంటే, "సరే, సంగటి ఉండలు కట్టనీయకు" అనేది. అదంతా కక్కేశాక రాసే ఉత్తరంలో బర్రె ఈనిన సంగతి, పిల్లోడికి పళ్లొచ్చిన సంగతి మిగిలేవి. కోపం రాలేదని కాదు. అది ముందే వేరే చోటికి పోయి ఉండేది. నాకు తెలిసిన ఓపిక అంతే.

ఇంకో సంగతి. జవాన్లకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి. కానీ ఆర్మీలో లీవు హక్కు కాదు, యూనిట్ అవసరమే ముందు. కపెర్నహూములో యేసు దగ్గరికొచ్చిన శతాధిపతి, అంటే వందమంది సైనికుల మీద అధికారి, కూడా అదే చెప్పినాడు: నేను అధికారానికి లోబడినవాణ్ని, పొమ్మంటే పోవాల్సిందే అనే లెక్క. లీవు రద్దయినట్టు నీకంటే ముందు మీ ఆయనకు తెలిసింది. ఆ మాట నీకు చెప్పడానికి సిగ్నల్ వెతుక్కుంటూ చలిలో ఎంతసేపు తిరిగాడో! కాబట్టి ఆయన తేల్చాల్సినవి మాత్రం కాగితం మీద రాసి ఫోన్ పక్కన పెట్టుకో: పాప ఫీజు, మామ కంటి ఆపరేషన్, అలాంటివి. ఫోన్ రాగానే ముందు పాప గొంతు వినిపించు. ఆ తర్వాత కాగితం.

ఫీల్డ్‌లో ఉన్నవాళ్ల భార్యాపిల్లలకు వేరే స్టేషన్లలో సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్లు ఇస్తారు. సీనియారిటీ లిస్టు ఉంటుంది, టైం పడుతుంది. అప్లై చేస్తావా అని ఈసారి మీ ఆయన్ను అడుగు. అత్తమామలను వదిలి పోవడం నీకు ఇష్టమేనా అన్నది వేరే ప్రశ్న, అది నువ్వే తేల్చుకోవాలి. ఇంటి దగ్గర చిక్కులొస్తే కడపలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. అది రిటైరైనవాళ్ల కోసమే అనుకుంటారు గానీ, సర్వీసులో ఉన్నవాళ్ల కుటుంబాల గోడు కూడా వింటారు.

గౌను దాచిపెట్టకు, ఈ ఆదివారమే వేసి చర్చికి తీసుకుపో. పిల్లలు ఊరికే ఎదిగిపోతారు. ఇకమీదట లీవు దొరికిందని ఫోన్ వచ్చినా పాపకు తేదీ చెప్పొద్దు. ఆయన బండెక్కాక చెప్పు. అక్కణ్నుంచి ఎర్రగుంట్ల స్టేషన్ చేరేసరికి ఎలాగూ రోజులు పడుతుంది, పాప లెక్కబెట్టుకోవడానికి అవి చాలు.