సిస్టర్ల ప్రశ్నలు: ఇన్ఫెక్షన్ కంట్రోల్ క్లాసు ఫోన్లో వింటే సరిపోతుందా?

(జవాబులు: రిటైరైన ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు)

ప్రశ్న: మేడమ్, నేను ప్రైవేటు ఆస్పత్రిలో మేల్ మెడికల్ వార్డు చూస్తాను. ఆస్పత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ వాళ్లు తనిఖీకి వస్తున్నారని మా అందరిచేతా ఫోన్లో ఇన్ఫెక్షన్ కంట్రోల్ కోర్సు చేయించారు. వీడియోలన్నీ ఇంగ్లీషులోనే. నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్లి పెట్టుకుంటే నిద్ర ముంచుకొస్తుంది. క్విజ్ జవాబులు ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు, అందరం పాసయ్యాం. సర్టిఫికెట్ వచ్చింది కానీ నాకేమీ వచ్చినట్టు లేదు. వార్డు మొత్తానికి హ్యాండ్ రబ్ (చేతులకు రాసుకునే శానిటైజర్) సీసా ఒక్కటే, అదీ నర్సుల టేబుల్ మీద. ఇలాంటి కోర్సుల వల్ల నిజంగా ఉపయోగం ఉందా?
– స్టాఫ్ నర్సు, ఒంగోలు

జవాబు: ఉందమ్మా. మీచేత చేయించిన తీరే బాగాలేదు. రాత్రంతా నిలబడి వచ్చిన మనిషికి ఏ పాఠమూ ఎక్కదు. ట్రైనింగ్ కూడా డ్యూటీయే, దానికి డ్యూటీ టైములోనే గంట ఇవ్వాలని మీ నర్సింగ్ సూపరింటెండెంట్‌ని అందరూ కలిసి అడగండి. ఒక్కదానివే అడిగితే బద్ధకమంటారు. ఇంగ్లీషు వీడియోలో సారం ఏమిటో మీ ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ హ్యాండోవర్ (డ్యూటీ అప్పగింత) తర్వాత పది నిమిషాలు తెలుగులో చెప్పినా చాలు.

2020 ఏప్రిల్‌లో, కోవిడ్ మొదట్లో, కేంద్ర ప్రభుత్వం దీక్ష అనే ఆన్‌లైన్ చదువుల పోర్టల్‌లో ఐగాట్ పేరుతో శిక్షణ కోర్సులు పెట్టింది. పీపీఈ (రక్షణ దుస్తులు) ఎలా వేసుకోవాలో, ముఖ్యంగా ఎలా విప్పాలో చూపించడానికి మనుషులు ఊళ్లు తిరగలేని రోజులవి. ఎక్కడో పీహెచ్‌సీలో ఉన్న సిస్టర్‌కి కూడా పెద్దాస్పత్రి సిస్టర్ చూసిన పాఠమే అందింది. అది చిన్న మేలు కాదు. ఏ అడుగు ముందు, ఏది తర్వాత, ఎందుకు అన్నది వీడియో ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు విసుక్కోకుండా చెబుతుంది. చేతులకు అలవాటు కావాలంటే మాత్రం వార్డులోనే చేయాలి.

అందుకని ఒక్క పాఠం తీసుకో, చేతుల శుభ్రత. డబ్ల్యూహెచ్‌ఓ 2009 మార్గదర్శకాల్లో చెప్పిన ఐదు సందర్భాలు నీకు నోటికి వచ్చే ఉంటాయి. పేషెంటును తాకే ముందు, శుభ్రంగా చేయాల్సిన ప్రొసీజరుకు ముందు, రక్తమో మూత్రమో అంటుకునే పని అయ్యాక, పేషెంటును తాకాక, పేషెంటు చుట్టూ ఉన్న వస్తువులు తాకాక. నేను చూసినంతలో ఎక్కువ తప్పిపోయేది ఆ చివరిదే. పేషెంటును ముట్టుకోలేదు కదా అనుకుంటాం. మంచం రెయిలింగ్ ఎత్తుతాం, సెలైన్ స్టాండు జరుపుతాం, మోగుతున్న పంపును ఆపుతాం, అదే చేత్తో పక్క బెడ్డు పేషెంటు నరంలో పెట్టిన కాన్యులా గొట్టం దగ్గరికి వెళ్తాం. ఒక షిఫ్టంతా ఈ ఒక్కటీ గమనించు. నిన్ను చూడమని పక్క సిస్టర్‌కి చెప్పు, ఆమెని నువ్వు చూడు. హ్యాండ్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లూ అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి.

కొత్తగా చేరినవాళ్లచేత నేను ఫ్లోరసెంట్ లోషన్ రాయించి, ఎప్పటిలాగే చేతులు కడుక్కోమని, ఆ తర్వాత అల్ట్రావయొలెట్ లైటు కింద పెట్టించేదాన్ని. సరిగ్గా కడగని చోట్ల, బొటనవేలి మొదట్లో, వేళ్ల కొసల్లో, ఉంగరం చుట్టూ తెల్లగా మెరుస్తూ కనిపించేది. ఆ తర్వాత ఉంగరం తీయమని నేను ఎవరికీ చెప్పాల్సి రాలేదు. ఆ లైటు పెద్ద ఖరీదు కాదు, మీ ఆస్పత్రిలో తెప్పించమని అడుగు.

నీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఆ ఒక్క సీసా సంగతి. హ్యాండ్ రబ్ బెడ్డు పక్కన, చెయ్యి చాస్తే అందేలా ఉండాలి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని వందకు పైగా ఐసీయూల్లో డాక్టర్ పీటర్ ప్రొనోవోస్ట్ బృందం చేసిన పని ఫలితాలు 2006లో వచ్చాయి. సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద రక్తనాళంలోకి పెట్టే గొట్టం) వేసేటప్పుడు పాటించాల్సినవి ఐదే పెట్టుకున్నారు: చేతులు కడగడం, మాస్కు నుంచి పేషెంటును కప్పే పెద్ద డ్రేప్ దాకా పూర్తి రక్షణ, చర్మానికి క్రిమినాశిని క్లోర్‌హెక్సిడిన్, వీలైనంతవరకూ తొడ దగ్గర లైన్ వేయకపోవడం, అక్కర్లేని లైన్ తీసేయడం. రక్తంలో ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయి. ఆ ఐదూ మన కోర్సుల్లోనూ ఉన్నాయి. అక్కడ అదనంగా చేసిందేమిటంటే, కావలసిన సామానంతా ఒకే ట్రాలీలో పెట్టించారు, డాక్టరు ఒక అడుగు వదిలేస్తే ప్రొసీజరు ఆపించే అధికారం నర్సుకిచ్చారు. మన దగ్గర సిస్టర్ ‘సార్, చేతులు’ అంటే మాట పడాల్సి వస్తుందన్న భయం నాకు తెలుసు. ఆ అధికారం మేనేజ్‌మెంట్ రాతపూర్వకంగా ఇవ్వాలి. సీసా ఇవ్వకుండా, ఆ మాట చెల్లనివ్వకుండా కోర్సు చేయించి, రేపు ఇన్ఫెక్షన్ వస్తే ‘ట్రైనింగ్ ఇచ్చాం కదా’ అని నర్సును నిలదీయడం అన్యాయం.

ప్రశ్న: సూది గుచ్చుకుంటే వెంటనే రిపోర్టు చేయమని ఆన్‌లైన్ క్లాసులో చెప్పారు. మా దగ్గర చెబితే నిర్లక్ష్యం అంటారని ఎవరూ చెప్పరు. పోయిన నెల రీక్యాప్ చేస్తుంటే (వాడిన సూదికి మూత పెడుతుంటే) నాకు గుచ్చుకుంది. కడుక్కుని ఊరుకున్నాను. ఇప్పుడు భయంగా ఉంది.
– ఐసీయూ నర్సు, వరంగల్

జవాబు: తల్లీ, ఇది చదవగానే వెళ్లి రక్తపరీక్ష చేయించుకో. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి మూడూ. ప్రభుత్వాస్పత్రి ఐసీటీసీలో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రంలో) హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. గుచ్చుకున్న రోజు నుంచి మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. అంతవరకూ రక్తదానం వద్దు. మరీ బెంగపడకు. హెచ్‌ఐవీ ఉన్న పేషెంటు సూదే గుచ్చుకున్నా, సోకే అవకాశం వెయ్యికి మూడు. హెపటైటిస్ బి అయితే, టీకా లేనివాళ్లలో నూటికి 30 దాకా ఉండొచ్చు. నీ మూడు డోసులూ పూర్తయ్యాయా? టీకా పనిచేసిందో లేదో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ 10 దాటిందో లేదో చూపించుకున్నావా? లేకపోతే ఈ వారమే ఆ పని చూడు.

హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ఇవ్వరు, 28 రోజులు వాడాలి. అందుకే ఆ రాత్రే చెప్పాలి. ఈ అంకెలు వార్డు గోడ మీద, ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరుతో సహా, రాసి అంటించండి. ఇకమీదట సూదికి మూత పెట్టొద్దు. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం సూదులు వేయాల్సిన తెల్ల డబ్బా, గుచ్చినా చిల్లు పడనిది, నువ్వు ఇంజెక్షన్ చేసేచోటే ఉండాలని పట్టుబట్టు.

ప్రశ్న: బ్రిటన్ వెళ్లాలనుకుంటున్నాను. ఇన్ఫెక్షన్ కంట్రోల్ ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం తేలికని ఒక ఏజెంటు డబ్బు కట్టమంటున్నాడు. కట్టనా?
– స్టాఫ్ నర్సు, ఏలూరు

జవాబు: కట్టొద్దు. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో చేరాక ఆ ట్రైనింగ్ వాళ్లే చేయిస్తారు, పేషెంట్లను చూసే సిబ్బందికి మామూలుగా ఏటేటా మళ్లీ చేయిస్తారు. నేర్చుకోవడానికే అయితే డబ్ల్యూహెచ్‌ఓ కోర్సులు ఉచితంగా ఉన్నాయి. ఆ డబ్బు ఇంగ్లీషు పరీక్షలైన ఐఈఎల్‌టీఎస్‌కో ఓఈటీకో దాచుకో. అక్కడ ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్షలో చేతుల శుభ్రతను, ముట్టకూడని భాగాన్ని ముట్టకుండా డ్రెస్సింగ్ చేయడాన్ని కళ్లెదుట చేయించి మార్కులేస్తారు. ఇప్పటినుంచే డ్రెస్సింగ్ ట్రాలీ దగ్గర ప్రతి అడుగూ పైకి చెప్పుకుంటూ చెయ్యి.