టీ కొట్టు సీను అతకలేదన్నావుగా

చి. అమ్ములుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన టీ కొట్టు సీను మూడుసార్లు చూశాను. ఒకసారి ఫోన్లో, తర్వాత మీ అత్తయ్య టీవీకి కలిపి పెడితే రెండుసార్లు. షాట్లు దేనికదే బాగున్నాయి, కలిపితేనే అతకడం లేదు. "ఎడిటింగ్‌లో సర్దేద్దాం అనుకున్నాం మావయ్యా" అన్నావు చూడు, గొడవంతా అక్కడే ఉంది. ఎడిటింగ్‌కి వచ్చేసరికి సర్దడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఎక్కడ కట్ చేస్తావో రికార్డ్ నొక్కేముందే అనుకోవాలి.

ముందు లుక్ సంగతి. మీ కుర్రాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. క్లోజప్‌లకి వచ్చేసరికి ఇద్దరూ కుడివైపే చూస్తున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నట్టు లేదు, ఇద్దరూ ఒకే బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టుంది. ఇద్దరి మధ్యా నేల మీద ఒక గీత ఉందనుకో. మొదటి షాట్‌కి కెమెరా ఆ గీతకి ఏ పక్కన పెట్టావో, సీను అయ్యేదాకా ఆ పక్కనే ఉంచు. అప్పుడు ఒకడిది లెఫ్ట్ లుక్, రెండోవాడిది రైట్ లుక్ వస్తాయి. 180 డిగ్రీల రూల్ అని నోట్సులో రాసుకునే ఉంటావు. స్పాట్‌లో చాక్‌పీసుతో నిజంగానే గీసుకో, ఎవరైనా నవ్వితే నవ్వనీ.

ఈ తప్పు నేనూ చేశాను. మద్రాసులో అసిస్టెంట్ ఎడిటర్‌గా ఉండగా ఒక ప్యాచ్ షాట్, అంటే సీనులో తక్కువైన ముక్క, తీయించుకు రమ్మని మా గురువుగారు పంపారు. కొడుక్కి తల్లి అన్నం పెట్టే సీను, తల్లి క్లోజప్ ఒక్కటే కావాలి. వెలుతురు బాగుందని నేను కెమెరాని అటుపక్క పెట్టించాను. తీరా మూవియోలా, అంటే ఫిల్ము ఎడిట్ చేసే మెషీను, మీద వేస్తే, ఆవిడ కొడుకుని వదిలేసి గోడని అన్నం తినమని బతిమాలుతోంది. గురువుగారు ఒక్క మాట అనలేదు. ఆ ముక్కని తీసి, ఫిల్ము ముక్కలు వేలాడదీసే బిన్‌లో మేకుకి తగిలించి, నెలరోజులు అలాగే ఉంచారు. అటు వెళ్లినప్పుడల్లా నా భుజానికి తగిలేది.

ఇక గ్లాసు. వైడ్‌లో, అంటే దూరంనుంచి తీసిన షాట్‌లో, కుడిచేత్తో తీశాడు, క్లోజ్‌లో ఎడమచెయ్యి. అది కంటిన్యుటీ, అంటే ఒక షాట్‌లో ఉన్నట్టే తర్వాతి షాట్‌లోనూ ఉండటం, ప్రతి షాట్ చివర ఫోటో తీసుకుంటే చాలు. నేర్చుకోవాల్సింది వేరే ఉంది. గ్లాసు ఎత్తి తాగడం మొత్తం వైడ్‌లో తియ్యి, మళ్లీ మొత్తం క్లోజ్‌లోనూ తియ్యి. అప్పుడు గ్లాసు బల్ల మీంచి లేచాక, పెదవి దాకా వెళ్లకముందు కట్ చేసుకోవచ్చు. కన్ను ఆ చేతి వెంటే పోతుంటుంది కాబట్టి అతుకు కనబడదు. నువ్వేమో తాగడం అయిపోయి, గ్లాసు కింద పెట్టి, వాడు ఊరికే కూర్చున్నాక కట్ చేశావు. అందుకే ప్రతి కట్టూ తలుపు వేసినట్టు తెలుస్తోంది.

రికార్డ్ నొక్కి ఐదు లెక్కపెట్టి యాక్షన్ అను. నటన అయ్యాక ఇంకో ఐదు లెక్కపెట్టి కట్ అను. మా రోజుల్లో ఈ మాటంటే ప్రొడ్యూసర్‌కి గుండె ఆగేది. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24 ఫ్రేములు. అంటే సెకనుకి అడుగున్నర. వెయ్యడుగుల రోలు 11 నిమిషాల్లో ఖాళీ. మీకు ఆ టెన్షన్ లేదు. అలాగని ఒక్కో షాట్‌కి నలభై టేకులు తియ్యకు, కూర్చుని చూసుకోవాల్సింది నువ్వే.

మాటని బొమ్మతోపాటే కోసేస్తున్నావు. వాడు "డబ్బులెప్పుడిస్తావ్" అని అడుగుతుండగానే, ఆ మాట పూర్తి కాకముందే, బాకీ ఉన్నవాడి ముఖానికి వెళ్లిపో. వాడు మింగే గుటకే నీ సీను. ఇంకోటి, ఒక షాట్‌లో ఆటో వెళ్తోంది, తర్వాతి షాట్‌లో చప్పుడే లేదు. ఎవరూ మాట్లాడకుండా ఆ కొట్టు చప్పుడు ఒక నిమిషం విడిగా రికార్డ్ చేసి, సీను పొడుగునా మాటల కింద పరిచెయ్యి.

వెనక ట్యూబ్‌లైట్ కొట్టుకుంటోంది కదా, మన కరెంటు 50 హెర్ట్జ్. ఫోన్ కెమెరాలో ఆటోమేటిక్ సెట్టింగ్ తీసేసి షటర్ స్పీడు సెకనులో 1/50 పెట్టు, తగ్గుతుంది. గిర్రున తిరిగే ఆ ట్రాన్సిషన్లు పెళ్లి వీడియోల వాళ్లకి వదిలెయ్యి.

సోవియట్ దర్శకుడు కులెషోవ్ చేసిన ప్రయోగం పరీక్షలో వస్తుందన్నావు. బట్టీ పట్టకు, ఇంట్లో చేసి చూడు. అమ్మమ్మ కిటికీలోంచి ఊరికే చూస్తున్న ముఖం పది సెకన్లు తియ్యి. దాని పక్కన ఒకసారి ఖాళీ కుర్చీ, ఒకసారి ఆవకాయ జాడీ, ఒకసారి పోస్ట్‌మ్యాన్ సైకిలు అతికించు. ముఖం అదే, నటన మాత్రం మూడు రకాలుగా కనిపిస్తుంది. నటి అయ్యానని తెలిస్తే మీ అమ్మమ్మ నన్ను తిడుతుంది, అది వేరే సంగతి.

ఆదివారం పొద్దున్నే, గిరాకీ లేనప్పుడు వెళ్లి మళ్లీ తియ్యండి. కొట్టాయనకి ముందే చెప్పుకోండి, టేకుల కోసం పోయించిన టీలన్నిటికీ డబ్బులివ్వండి. ఈసారి ఎడిట్ చేసింది పంపకు. పాడైన టేకులతో సహా రష్, అంటే కోయకుండా తీసింది తీసినట్టు, మొత్తం పంపు.

మావయ్య