ఐసెట్‌లో ఎన్ని మార్కులకు గురి పెట్టాలి?

నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ (ఎంజీయూ)లోనో పాలమూరు యూనివర్సిటీలోనో ఎంబీఏ చేయాలనుకునేవాళ్లు ప్రవేశ పరీక్ష ఐసెట్ గురించి తరచూ అడిగేది ఇదే. 200 మార్కుల్లో 50 వస్తే క్వాలిఫై అయినట్టే, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. కానీ సీటిచ్చేది ర్యాంకు. అందుకే 50ని మర్చిపోండి, మాక్ టెస్టుల్లో 110 దాటేదాకా ఆగకండి.

200 ప్రశ్నలకు 150 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. కమ్యూనికేషన్ (ఇంగ్లిష్) విభాగంలోని 50 ప్రశ్నల్ని 25 నిమిషాల్లో ముగిస్తే మిగతా 150కి తలా 50 సెకన్లు దొరుకుతాయి.

ఎక్కువమంది దెబ్బతినేది డేటా సఫిషియెన్సీలో, అంటే జవాబు కాకుండా, జవాబు కనుక్కోవడానికి ఇచ్చిన వాక్యాలు సరిపోతాయా అని అడిగే ప్రశ్నల్లో. రెండు సంఖ్యల్లో పెద్దదెంత అని అడిగి, మొదటి వాక్యంలో మొత్తం 20 అని, రెండో వాక్యంలో తేడా 4 అని ఇస్తారు. రెండూ కలిస్తే సరిపోతాయని తెలియగానే ఆపేయాలి. 12 అని లెక్కగట్టే పని లేదు. ఇలాంటివి 20 ప్రశ్నలుంటాయి, రోజూ పది చేయండి.

నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటీ ఖాళీగా వదలొద్దు. చివరి రెండు నిమిషాలు అందుకే ఉంచుకోండి. లెక్క రాలేదని ఒకే ప్రశ్న దగ్గర పంతం పట్టి మూడు నిమిషాలు కూర్చుంటే, ముందున్న మూడు సులువైన ప్రశ్నలు పోయినట్టే.

మాక్ రాశాక స్కోరు కన్నా తప్పులు చూడండి: తెలియక పోయిందా, తొందరలో పోయిందా? ఒక నోటుబుక్కులో వేర్వేరుగా రాసుకోండి. తెలియనివి పాఠం చదివితే తగ్గుతాయి, తొందరవి గడియారం పెట్టుకుని రాస్తేనే తగ్గుతాయి.