మహామంత్రి మొలకి ఎన్ని తాళాలు?
(పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

జానపద నవలలూ నాటకాలూ రాసేవాళ్ల ఉత్తరాలు ఈసారి ఒకే మనిషి చుట్టూ తిరిగాయి. అందుకే ఈ విడత మొత్తం మహామంత్రికే.

ప్రశ్న: నా సీరియల్లో మణికూట సామ్రాజ్యం అని ఒకటి కల్పించాను. అందులో మహామంత్రి సలహా చెబుతాడు, శిస్తు వసూలు చేయిస్తాడు, యుద్ధానికి పోతాడు, తీర్పులూ ఇస్తాడు. పదో భాగానికి వచ్చేసరికి రాజుకి పనే మిగల్లేదు. ఎక్కడ పొరపాటు జరిగింది?
(ఒక పాఠకురాలు, కావలి)

జవాబు: పనులు ఎక్కువ ఇవ్వడం పొరపాటు కాదు. తాళాలన్నీ ఒకే మొలకి కట్టారు. రాజ్యానికి ముఖ్యమైన తాళాలు మూడు: ముద్ర, బొక్కసం, సేన. మహామంత్రికి రెండు ఇవ్వండి, చాలు. మూడోది కూడా ఇచ్చిన రోజు నుంచి ఆయనే రాజు, సింహాసనం మీదున్నది బొమ్మ. కథే అదైతే సరే. కాకపోతే మీకు వచ్చిన చిక్కే వస్తుంది.

కౌటిల్యుడి అర్థశాస్త్రం ఈ పంపకాన్ని బాగా చూపిస్తుంది. శిస్తు రాబట్టే అధికారి సమాహర్త. వచ్చినదాన్ని కోశంలో, కొట్లలో భద్రపరిచేవాడు సన్నిధాత. లెక్కలుండేది అక్షపటలంలో. తెచ్చేవాడు ఒకడు, దాచేవాడు ఒకడు, రాసేవాడు ఇంకొకడు. దొంగతనం జరగాలంటే కనీసం ఇద్దరు కలవాలి. ఇద్దరు కలిశారంటే మీకు ఒక అధ్యాయం దొరికినట్టే.

ఆలోచన చెప్పే మంత్రులు ఎందరుండాలో కూడా అందులోనే ఉంది: ముగ్గురు లేదా నలుగురు. ఒక్కడే అయితే చిక్కు విషయాల్లో ఎటూ తేల్చలేడు, పైగా అడ్డు చెప్పేవాడు లేక తన ఇష్టం వచ్చినట్టు నడుస్తాడు. ఇద్దరైతే కలిసిపోయి రాజుని లొంగదీస్తారు, లేదా కొట్లాడుకుని పని చెడగొడతారు. నలుగురు దాటితే రహస్యం నిలవడం కష్టం. మంతనాల గదిలో చిలకలూ గోరువంకలూ కుక్కలూ కూడా ఉండకూడదట, వాటివల్ల గుట్టు బయటపడ్డ సందర్భాలు విన్నామని రాశాడు. ఆ చిలకని మీ కథలోకి తెచ్చుకుంటే మేమేమీ అనుకోం.

మంత్రి సేనలు నడిపితే తప్పా అని అడగొచ్చు. తప్పేమీ కాదు. సాళువ తిమ్మరుసు సేనలు నడిపాడు, 1515లో కొండవీడు చిక్కాక ఆ సీమ బాధ్యత కూడా ఆయన చేతికే వచ్చింది. అయినా కృష్ణదేవరాయలు బొమ్మ కాలేదు, ఎందుకంటే రాయలు తానే దండులో ఉన్నాడు. మీ రాజు అంతఃపురంలో కూర్చుని ఉన్నాడు, అదీ తేడా.

ఇప్పటికే అచ్చైన భాగాలు మార్చనక్కర్లేదు. పదకొండో భాగంలో బొక్కసం తాళం మహామంత్రికి పడని మనిషి చేతికి ఇప్పించండి, రాణి అన్నగారైనా సరే. యుద్ధ ఖర్చుకోసం మహామంత్రి ఆయన గుమ్మం ముందు నిలబడాల్సి వస్తుంది. వాళ్లిద్దరి మధ్య తీర్పు చెప్పాల్సింది రాజు. పని దానంతటదే పుడుతుంది.

ప్రశ్న: ఆ పదవిని ఏ పేరుతో పిలవాలి? ముఖ్యమంత్రి అని రాస్తే మావాళ్లు నవ్వుతున్నారు.
(ఒక పాఠకుడు, పొదిలి)

జవాబు: నవ్వుతారు మరి, ఆ మాట వినగానే సచివాలయం, కాన్వాయ్ కళ్లముందు కదులుతాయి. మీ సామ్రాజ్యం కాకతీయుల కాలంలా కనిపించాలంటే ప్రెగ్గడ అనండి. మన ఎఱ్ఱాప్రెగ్గడ పేరులో ఉన్నది ఆ మాటే. విజయనగరం వాసన కావాలంటే మహాప్రధాని, శిరఃప్రధాని. వజీరు అన్నారంటే కొలువులో ఫార్సీ రాతకోతలు కూడా ఉండాలి, ఆ ఒక్క మాటే అతికిస్తే అతకదు. రాజుని ఆయన దేవర, ఏలినవారు అంటాడు. వయసులో పెద్ద మంత్రిని రాజు పేరుపెట్టి పిలవడు. రాయలు తిమ్మరుసుని అప్పాజీ అనేవాడని చెప్పుకోవడం వినే ఉంటారు.

ప్రశ్న: మహామంత్రి జీతం 48,000 పణాలని అర్థశాస్త్రంలో చదివి అదే వేశాను. ఎక్కువా, తక్కువా?
(ఒక పాఠకుడు, ఆత్మకూరు)

జవాబు: అంకె సరైనదే, మీ రాజ్యమే చాలదు. మంత్రి, పురోహితుడు, సేనాపతి, యువరాజు, రాజమాత, పట్టపురాణి అందరిదీ ఆ 48,000 మెట్టే. సమాహర్తకీ సన్నిధాతకీ 24,000. లేఖకుడికీ గణకుడికీ 500. అట్టడుగు పరిచారకుడికి 60. అంటే పైమెట్టుకీ కిందిమెట్టుకీ తేడా 800 రెట్లు. జీతాల మొత్తం రాబడిలో నాలుగో వంతు దాటకూడదన్నది ఇంకో నియమం. ఈ రెండూ కలిపి చూడకపోతే లెక్క తప్పుతుంది.

పణాలు పక్కనపెట్టి మన పుట్లలో వేసి చూద్దాం. పాతలెక్కలో పుట్టి అంటే 20 తూములు, అది కొలత. ఇప్పుడు నెల్లూరు వైపు ధాన్యం బేరంలో పుట్టి అంటే 850 కిలోలు. అదే తీసుకుందాం. పరిచారకుడికి ఏడాదికి 2 పుట్లు, అంటే 1,700 కిలోల వడ్లు. మూడింట రెండు వంతులు బియ్యం అనుకుంటే సుమారు 1,130 కిలోలు. అయిదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకి అరకిలో చొప్పున 900 పైచిలుకు కిలోలు తిండికే పోతాయి. మిగిలిన కాస్తతో ఉప్పూ గుడ్డా. కటకటగా బతుకుతాడు, కానీ బతుకుతాడు.

ఆ లెక్కన మహామంత్రికి 1,600 పుట్లు. అది జీతాల పద్దు, కాబట్టి రాబడి కనీసం 6,400 పుట్లుండాలి. పంటలో ఆరోవంతు రాజభాగమనుకుంటే పంట 38,400 పుట్లు. ఎకరాకి పుట్టి పండినా 38,400 ఎకరాల మాగాణి ఒక్క మహామంత్రి కోసమే కావాలి. సేనాపతికి, యువరాజుకి ఇంకా ఏమీ ఇవ్వలేదు. మీరు పంపిన పటంలో ఉన్నది ఒక కోట, రెండు చెరువులు, ఒక ఓడరేవు. తేడాని 800 నుంచి 50కి దించండి. మహామంత్రికి 100 పుట్లు, పైన ఒక అగ్రహారం. అది నమ్మేలా ఉంటుంది.

ఓడరేవు రాబడి కలుపుకుంటే ఇంకొంచెం పెంచొచ్చు. మోటుపల్లిలో గణపతిదేవుడు వేయించిన అభయశాసనంలో ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పయ్యో వంతు. అంతకుముందు రాజులు గాలివానకి ఒడ్డున పడ్డ ఓడల సరుకు లాక్కునేవాళ్లు, మేము సుంకం తప్ప ఏమీ తీసుకోమని ఆ శాసనంలో వర్తకులకి మాట ఇచ్చాడు. అలాంటి శాసనం వేయాలా వద్దా అని మీ మహామంత్రీ బొక్కసం అధికారీ వాదులాడుకునే సన్నివేశం రాసి చూడండి, జీతాల లెక్క కంటే రక్తి కడుతుంది.

ప్రశ్న: మా నాటకంలో శత్రువులు దొంగ ఉత్తరం పుట్టించి మహామంత్రిని ఇరికిస్తారు. ముద్ర దొంగిలించే ఘట్టం తేలిపోతోంది. ఎలా నడిపిస్తే బాగుంటుంది?
(ఒక నాటక సమాజం, ఒంగోలు)

జవాబు: ముద్ర దొంగిలించనక్కర్లేదు. బహమనీ మంత్రి మహమూద్ గవాన్‌ని 1481లో ఎలా పడగొట్టారో చూడండి. ఆయన ముద్ర ఉండే సేవకుడికి బాగా తాగించి, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. తర్వాత దాని మీద ఒరిస్సా గజపతికి దండెత్తి రమ్మని ఉత్తరం రాశారు. సుల్తాను ముద్ర చూశాడు, విచారణ లేకుండానే చంపించాడు. ముద్ర అసలుదే, రాత దొంగది. మీ నాటకానికి కావలసిన మెలిక అదే. మహామంత్రి "ఈ ముద్ర నాది కాదు" అని అనలేడు. అనలేకపోవడమే ఆయన చావు.

ఒక్క జాగ్రత్త. మీ రాజ్యంలో కాగితం ఉందో లేదో ముందు తేల్చుకోండి. ఈ పన్నాగం కాగితం మీద నడిచినట్టు తాటాకు మీద నడవదు. తాటాకు మీద గంటంతో గీస్తారు, ఆపైన మసి పూసి తుడిస్తే గీతల్లో మసి నిలిచి అక్షరం కనబడుతుంది. ముద్ర ఆకు మీద పడదు. ఆకుల చిల్లులోంచి దారం పోనిచ్చి, ముడి మీద లక్కో మట్టో పెట్టి దాని మీద నొక్కుతారు. అంటే దొంగ ముడి విప్పకుండా ఒక ఆకు తీసి ఇంకోటి దూర్చాలి, లేదా లక్కని వేడి చాకుతో కింద నుంచి లేపి మళ్లీ అతికించాలి. లేపినచోట అంచు కరిగి నున్నగా అవుతుంది. గీసిన అక్షరాన్ని చెరపలేరు, గీకితే ఆకు పల్చబడి వెలుగుకి పట్టినప్పుడు తెలిసిపోతుంది. కొత్తగా చేర్చిన మాటలో మసి పాత మసితో కలవదు. ముసలి రాయసం (కొలువులో రాతపని చేసేవాడు) ఒకడు ఆకుని దీపానికి అడ్డంపెట్టి చూస్తే చాలు, పేజీల కొద్దీ సంభాషణ మిగులుతుంది.

ఇంతకంటే తేలిక దారి కడితం. గుడ్డకి చింతగింజల జిగురూ బొగ్గుపొడీ పట్టించి ఆరబెట్టి, తెల్ల బలపంతో రాసే లెక్కల పుస్తకం అది. పలక లాంటిదే, తుడిచి మళ్లీ రాయొచ్చు. ద్రోహం ఉత్తరంలో కాకుండా లెక్కలో పెట్టాలనుకుంటే కడితం ఎంచుకోండి, ఆధారం మిగలదు.

మంచి కొలువులో ఉత్తరువు ఎలా పోవాలో కూడా ప్రేక్షకుడికి ఒకసారి చూపించాలి, లేకపోతే తప్పిన చోటు తెలియదు. రాజు నోటిమాట చెబుతాడు, రాయసం రాస్తాడు, రాసింది పైకి చదివి వినిపిస్తాడు, కరణం తన పద్దులో ఎక్కిస్తాడు, ఆ తర్వాతే ముద్ర. మొదటి అంకంలో ఇదంతా జరగనివ్వండి. మూడో అంకంలో ముద్ర ముందు పడి, పద్దులో నకలు లేకపోతే జనానికే అనుమానం వస్తుంది.

ప్రశ్న: ఉదయగిరి లాంటి కొండకోట ముట్టడి రాస్తున్నాను. సేనాపతి ఉండగా అక్కడ మహామంత్రికి పనేముంటుంది?
(ఒక పాఠకురాలు, వింజమూరు)

జవాబు: తిండి. అసలు ముట్టడి అదే. రాయలు ఉదయగిరిని పట్టుకున్నది 1514లో. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ 34,000 కాల్బలం, 800 ఏనుగులు, ఏడాదిన్నర ముట్టడి అని రాశాడు. బురుజుల దగ్గరికి చేరడానికి బండలు పగలగొట్టి దారులు వేయించాడని కూడా అన్నాడు. ఆ అంకెలే తీసుకుని లెక్కేయండి. మనిషికి రోజుకి ముప్పావు కిలో బియ్యం అయితే 34,000 మందికి 25 టన్నుల పైమాటే. పెరికె ఎద్దు మోసేది 100 కిలోలనుకుంటే రోజుకి 255 ఎద్దులు దిగాలి. నెల్లూరు నుంచి ఉదయగిరికి సుమారు 100 కిలోమీటర్లు. ఎద్దు రోజుకి 16 కిలోమీటర్లు నడిస్తే పోను ఆరు రోజులు, రాను ఆరు. అంటే దారిలో ఎప్పుడూ 3,000కి పైగా ఎద్దులు ఉండాలి. ఏనుగుల మేత ఇందులో లేదు.

వానాకాలంలో నల్లరేగడి దారి బురదైతే ఆరు రోజులు పదవుతాయి. అప్పుడు 5,000 ఎద్దులు కావాలి, లేదా సగం తిండితో సరిపెట్టాలి. కోట గోడ కంటే ఈ బురదే ప్రమాదం. సేనాపతి రేపే ఎక్కుదామంటాడు, మహామంత్రి ఎద్దులు రానీ అంటాడు. వాళ్లిద్దరి గొడవ అక్కడ రాయండి.

ప్రశ్న: పదవి తీసేసే ఘట్టం కత్తి లేకుండా రాయొచ్చా?
(ఒక పాఠకుడు, కందుకూరు)

జవాబు: రాయొచ్చు. టర్కీ సుల్తానుల ఉస్మానియా (ఒట్టోమన్) సామ్రాజ్యంలో సుల్తాను ముద్ర మహావజీరు దగ్గరుండేది. అది తిరిగి తీసుకున్నారంటే పదవి పోయినట్టే. (కొందరికి ప్రాణం కూడా పోయింది. వియన్నా దగ్గర ఓడిన కారా ముస్తఫాని 1683లో బెల్‌గ్రేడ్‌లో ఉరి బిగించి చంపారు.) మీ కథలో ముద్ర అడగడానికి రాజు రానక్కర్లేదు. పొద్దున్నే ఒక చిన్న ఉద్యోగి ఖాళీ పళ్లెం పట్టుకుని మహామంత్రి ఇంటి అరుగు మీద కూర్చుంటాడు. ఎందుకొచ్చావని ఇంట్లో ఎవరూ అడగరు.