వరుస హత్యల కోశం రాస్తున్న అమ్మాయికి

విజయనగరం,
బుధవారం.

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీవు ఆమదాలవలస నుంచి పంపిన కాగితాల కట్ట పోయిన వారం అందింది. వరుస హత్యలు చేసినవారి గురించి తెలుగులో ఒక అకారాది గ్రంథం కూర్చాలన్న నీ సంకల్పాన్ని వివరించిన ముందుమాటనూ, ఇంతవరకు పూర్తిచేసిన నలభై రెండు పద్దులనూ రెండుసార్లు శ్రద్ధగా చదివాను. ఇలాంటి పుస్తకం చదివేవాళ్ళంటేనే ఇంట్లో పెద్దలకు ఏవగింపు కలుగుతోందని, దీన్ని రాయడం తప్పా అని ఉత్తరం చివర అడిగావు. తప్పు కాదు. ఆ మాట ముందుగా స్పష్టంగా చెప్పి, తర్వాత నీ రాతలో నాకు కనిపించిన లోపాల దగ్గరికి వస్తాను.

పాఠకులు ఈ పుస్తకాలను ఎందుకు వెతుక్కుంటారో నీకు తెలిసి ఉండాలి. 1990 దశకంలో మన ఊళ్ళలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజుల గురించి మీ అమ్మగారిని అడిగితే చెబుతారు. మా వీధిలో సుద్దతో రాసినవారు కొందరు, బొగ్గుతో రాసినవారు కొందరు. వచ్చేది ఎవరో, ఎక్కడి నుంచి వస్తుందో, ఎవరిని తీసుకుపోయిందో ఏ ఒక్కరూ చెప్పలేకపోయారు. చెప్పలేకపోయారు కనుకనే ఆ భయం అంత త్వరగా ఊళ్ళకు ఊళ్ళు దాటింది. భయానికి ఒక పేరూ, ఒక ఊరూ, ఒక తేదీ, పట్టుబడిన ఒక రోజూ దొరికితే మనిషి దానితో సర్దుకుని బతకగలడు. అకారాది గ్రంథం పాఠకుడికి ఇచ్చేది అదే. హంతకుడు ఒక అక్షరం కింద, రెండు పేజీల మధ్య, అరెస్టుతోనో ఉరితోనో ముగిసిపోయి కనిపిస్తాడు.

నేను చదువుకునే రోజుల్లో గంటస్తంభానికి దగ్గరలో పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణం ఒకటి ఉండేది. నేర కథలను ఎక్కువగా అడిగి తీసుకుపోయేది రాత్రి డ్యూటీలు చేసే నర్సులూ, ఒంటరిగా బస్సులో వచ్చిపోయే ఉపాధ్యాయినులూ అని ఆ యజమాని చెబితే అప్పట్లో నాకు ఆశ్చర్యం కలిగింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో నిజనేరాల పుస్తకాల వైపు పురుషుల కంటే స్త్రీలే ఎక్కువగా మొగ్గుతున్నారని, బాధితురాలు తప్పించుకున్న ఉపాయం ఉన్న పుస్తకం వారిని మరింతగా ఆకర్షిస్తోందని తేలింది. అది చదివాక ఆ దుకాణం నాకు మళ్ళీ గుర్తుకు వచ్చింది. ఆ స్త్రీలు రక్తం చూడడానికి రాలేదు. చీకటి పడ్డాక తాము నడిచే దారి గురించి ఏదైనా తెలుస్తుందేమోనని వచ్చారు. నీ పుస్తకాన్ని తెరిచేవారిలో అటువంటివారు చాలామంది ఉంటారన్న సంగతి ప్రతి పేజీలోనూ నీ మనసులో ఉండాలి.

ఈ రకపు గ్రంథాలు కొత్తవి కావు. లండన్‌లోని న్యూగేట్ జైలు ఖైదీల చరిత్రలు 18వ శతాబ్దంలోనే సంపుటాలుగా అమ్ముడయ్యాయి. కోలిన్ విల్సన్, పెట్రీషియా పిట్‌మన్ కలిసి కూర్చిన హత్యల విజ్ఞాన సర్వస్వం 1961లో వచ్చింది. 1990ల నుంచి ప్రత్యేకంగా సీరియల్ కిల్లర్ల మీదనే ఇంగ్లీషులో ఇటువంటివి వరుసగా వెలువడ్డాయి. నీవు ఆధారపడినది ఎక్కువగా వాటి మీదనే అని నీ రాతే చెబుతోంది. నా మొదటి అభ్యంతరం కూడా అక్కడే మొదలవుతుంది.

ప్రయాణికుల గొంతుకు ఉరి బిగించి దోచుకునే థగ్గుల ముఠాకు చెందిన బెహ్రామ్ పద్దులో, అతడు 931 మందిని చంపాడని రాశావు. ఆ అంకె ఎన్నో పుస్తకాల్లో ఉన్నమాట నిజమే. అయితే 1830లలో థగ్గుల వాంగ్మూలాలు నమోదు చేసిన ఈస్టిండియా కంపెనీ అధికారి పేటన్ రాతప్రతిలో ఆ 931 అనేది బెహ్రామ్ హాజరై ఉన్న హత్యల లెక్క మాత్రమే. తన చేతులతో సుమారు 125 మందికి ఉరి బిగించి ఉంటాననీ, మరో 150 మందికి బిగిస్తుండగా చూసి ఉంటాననీ అతడే చెప్పుకున్నాడు. అదైనా అప్రూవరుగా మారినవాడు, అంటే తోటివారి మీద సాక్ష్యం చెప్పి ప్రాణం నిలుపుకున్నవాడు ఇచ్చిన వాంగ్మూలం. పెద్ద అంకె పక్కన ఈ చిన్న అంకెను కూడా పెట్టి, అది ఎవరి నోటి నుంచి ఏ పరిస్థితిలో వచ్చిందో రాస్తే నీ పద్దు ఇంగ్లీషు పుస్తకాల కంటే మెరుగైనది అవుతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ముప్పై ఏళ్ళ కిందట నేను ఒక వారపత్రికకు నేర చరిత్రలు రాసేవాణ్ణి. ఒక కేసులో పోలీసులు చెప్పినట్టుగా పదకొండు హత్యలు అని రాశాను. న్యాయస్థానంలో నిలిచినవి నాలుగే. తీర్పు వచ్చిననాటికి నేను మరో పని మీద ఉన్నాను; దిద్దుబాటు రాయలేదు. పదేళ్ళ తర్వాత వేరొకరు కూర్చిన పుస్తకంలో నా పదకొండే, నా వ్యాసాన్నే ఆధారంగా చూపుతూ, తిరిగి నా కంటబడింది. ఆ ఏడు హత్యలకు ఇంకెవరో కారకులై ఉండవచ్చు, వారు ఎక్కడో తిరుగుతూ ఉండవచ్చు అన్న ఆలోచన నన్ను ఈనాటికీ వదలలేదు. వార్తాపత్రికలోని తప్పు మరునాటికి పాతబడుతుంది. కోశంలోకి ఎక్కిన తప్పును మాత్రం ఆధారంగా చేసుకుని మరొకరు రాస్తారు.

ఎవరిని చేర్చాలి, ఎవరిని వదిలిపెట్టాలి అన్నదానికి నీవు ఒక హద్దు గీసుకోలేదు. 2005లో అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఏర్పాటు చేసిన సదస్సులో నిపుణులు, వేర్వేరు సందర్భాల్లో ఇద్దరినీ అంతకు మించీ చంపినవారిని సీరియల్ హంతకులుగా లెక్కించవచ్చని అంగీకరించారు. అంతకు ముందు 1998 నాటి అమెరికా చట్టం ముగ్గురు అని చెప్పింది. వరంగల్ దగ్గర గొర్రెకుంట బావిలో 2020 మే నెలలో తొమ్మిది మృతదేహాలు దొరికిన కేసును నీవు చేర్చావు. ఆ తొమ్మిది హత్యలూ ఒకే రాత్రి జరిగినవి; అంతకు ముందే ఒక స్త్రీని చంపి, ఆ సంగతి బయటపడకుండా ఉండడానికి చేసినవి. అది సామూహిక హత్యా, వరుస హత్యా అన్న ప్రశ్నను నీవు లేవనెత్తకుండానే దాటిపోయావు. నన్ను అడిగితే దాన్ని ఉంచు, కానీ ఆ సందేహాన్ని పద్దులోనే రాయి.

ఇక నీ పుస్తకానికి ప్రాణం అయ్యే విషయానికి వస్తాను. కర్ణాటకలో పత్రికలు ‘సైనైడ్ మోహన్’ అని పిలిచిన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడి పద్దును నీవు సైనైడుతో మొదలుపెట్టి, అతడి ముఖవర్ణనతో నడిపి, ఉరిశిక్షతో ముగించావు. 2003 నుంచి 2009 వరకు ఇరవై మంది యువతులు చనిపోవడం ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. అతడు ఎంచుకున్నది కట్నం ఇచ్చుకోలేని ఇళ్ళ ఆడపిల్లలను. కట్నం లేకుండా పెళ్ళి చేసుకుంటానని నమ్మించి, నగలు పెట్టుకుని రమ్మని మరో ఊరికి తీసుకువెళ్ళేవాడు. మరునాడు గర్భం రాకుండా వేసుకోమని మాత్ర ఇచ్చి, బస్టాండులోని మరుగుదొడ్డికి పంపేవాడు. శవం దొరికిన ఊరి పోలీసులకు ఆమె ఎవరో తెలియదు కనుక ఆత్మహత్యగానో, అనుమానాస్పద మృతిగానో కేసు రాసుకునేవారు. ఆమె సొంత ఊరివాళ్ళు ఎవరితోనో వెళ్ళిపోయిందనుకుని పరువుకు జంకి నోరు మూసుకునేవారు. ఆ రెండు సంగతులూ ఒక్కచోటికి చేరడానికి ఆరేళ్ళు పట్టింది. 2009లో బంట్వాళ ప్రాంతపు యువతి ఒకరు కనిపించకుండా పోయినప్పుడు స్థానికులు గట్టిగా నిలదీయడం వల్లనే పోలీసులు ఫోన్ కాల్ రికార్డులు తీసి, ఒక నంబరు వెంట మరొక నంబరు పట్టుకుని అతడి దాకా వెళ్ళారు.

అమ్మా, ఆ రెండు సంగతుల మధ్య ఉన్న ఖాళీయే నీవు రాయవలసిన విషయం. 2021 జనవరిలో హైదరాబాదు పోలీసులు పట్టుకున్న వ్యక్తిపై వచ్చిన ఆరోపణలు చూడు. కల్లు దుకాణాల దగ్గర ఒంటరిగా కనిపించిన స్త్రీలే అతడి బాధితులని పోలీసులు చెప్పారు. వారి కోసం వెంటనే వెతికేవారు లేకపోవడమే హంతకుడికి అండ. ఇలాంటివాళ్ళ తెలివితేటల గురించి పుస్తకాలు ఎంతో రాశాయి గాని, పట్టుబడిన కథలను వరుసగా పేర్చి చూస్తే వారి తెలివి కంటే మన నిర్లక్ష్యమే ఎక్కువ పనిచేసిందని నాకు అనిపిస్తుంది. మన జిల్లాల నుంచి విశాఖకూ, హైదరాబాదుకూ, చెన్నైకీ కూలికి వెళ్ళి, వారం రోజులు ఫోను ఎత్తకపోయినా ‘పనిలో ఉండి ఉంటుందిలే’ అనిపించుకునే ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో నీకూ తెలుసు. దుకాణానికి వచ్చిన ఆ నర్సుకు కావలసింది, ఆ ఖాళీ ఎక్కడ ఏర్పడుతుందో చూపించే పద్దు.

చనిపోయినవారికి నీ రాతలో పేర్లే లేవు, అంకెలే ఉన్నాయి. 1888 ఆగస్టు 31 నుంచి నవంబరు 9 మధ్య లండన్ వైట్‌ఛాపెల్‌లో హత్యకు గురైన అయిదుగురు స్త్రీల విషయంలోనూ వందేళ్ళకు పైగా జరిగింది ఇదే. హంతకుడు ఎవరో తేలనేలేదు. ‘జాక్ ది రిప్పర్’ అన్నది ఒక వార్తా సంస్థకు చేరిన ఉత్తరం కింది సంతకం, దాన్ని రాసింది విలేకరే అన్న అనుమానం కూడా ఉంది. లేని మనిషి పేరు లోకమంతా తెలుసు. మేరీ ఆన్ నికోల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరీన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీ అన్న పేర్లు ఎందరికి తెలుసు? ఇంటిపేరుతో, ఊరిపేరుతో మనిషిని గుర్తుపెట్టుకునే ప్రాంతంలో పుట్టినదానివి. ఈ లోటు నీకు కనిపించాలి.

అయితే ఇక్కడ చట్టం ఒక గీత గీసింది. లైంగిక దాడి జరిగిన కేసుల్లో బాధితురాలిని గుర్తుపట్టే వివరాలు ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం నేరం. మరణించినవారికీ ఆ రక్షణ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. వరుస హత్యలకు ఉరిశిక్ష పడిన చెన్నై ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ ప్రచురణ వివాదంలో 1994లో జస్టిస్ జీవన్ రెడ్డి గారు రాసిన తీర్పును నీవు పూర్తిగా చదవాలి. న్యాయస్థాన పత్రాల ఆధారంగా రాసే స్వేచ్ఛను నిలబెడుతూనే, అత్యాచారానికో అపహరణకో గురైన స్త్రీ పేరు బయటపెట్టి ఆమెను మరోసారి అవమానించరాదని ఆయన అందులో మినహాయింపు పెట్టారు. పేరు రాయలేని చోట ఆమె చేసే పని, ఆమె ఎక్కిన బస్సు, ఆమె మీద ఆధారపడినవారి సంగతి, అవి కూడా ఆమెను పట్టి ఇవ్వనంత మేరకు రాయవచ్చు. కష్టమైన పనే, కానీ ఒక్కొక్క వాక్యాన్నీ తూచుకుంటూ రాస్తే వస్తుంది.

నోయిడా దగ్గరి నిఠారీ హత్యల పద్దును వెంటనే తీసి పక్కన పెట్టు. 2006లో బయటపడిన ఆ హత్యల నిందితులను అలహాబాదు హైకోర్టు 2023 అక్టోబరులో ఉరిశిక్షలు రద్దుచేసి నిర్దోషులుగా ప్రకటించింది, 2025లో సుప్రీంకోర్టు కూడా ఆ విముక్తినే నిలిపింది. నీవు ఇంకా వారిని హంతకులనే రాశావు. ప్రతి పద్దు కిందా ‘ఫలానా తేదీ నాటికి కేసు స్థితి’ అని ఒక వరుస తప్పక ఉండాలి. ‘సైకో’, ‘మృగాడు’, ‘నరరూప రాక్షసుడు’ అన్న మాటలన్నీ కొట్టేశాను. 2019లో ఏలూరు ప్రాంతంలో ప్రసాదంలో సైనైడు కలిపి ఇచ్చాడన్న కేసులో పోలీసులు చెప్పిన కారణం డబ్బు. అతణ్ణి కూడా సైకో అంటే నీవు పాఠకుడికి చెప్పింది ఏమీ లేదు, పైగా మానసిక వ్యాధితో బాధపడుతూ ఎవరికీ హాని చేయని వేలమందిని నొప్పించినదానివి అవుతావు.

సెలవు రోజుల్లో శ్రీకాకుళం కథానిలయంలో కూర్చుని రాసుకుంటున్నానని చెప్పావు. అక్కడ ఒక కథను నమోదు చేసేటప్పుడు అది ఏ పత్రికలో, ఏ తేదీన మొదట అచ్చయిందో ఎంత పట్టుదలగా చూస్తారో గమనించు. మీ శ్రీకాకుళం జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర అనే గిరిజన భాషకు నిఘంటువు కూర్చడానికి సవరలను ఇంట్లో పెట్టుకుని, వారి నోటి నుంచే ఆ భాష నేర్చుకున్నారు. నీకు అటువంటి మూలాలు తీర్పు ప్రతులు, అభియోగ పత్రాలు, ఆ కేసులు చూసిన రిటైరైన అధికారులు, వీలైతే, వారికి ఇష్టమైతే, ఆ కుటుంబాలవారు.

కాగితాలు పెన్సిలు గుర్తులతో ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. నలభై రెండింటినీ ఒకేసారి దిద్దవద్దు. ముందు కర్ణాటక పద్దు ఒక్కటి తీసుకుని, 2003 నాటి మొదటి మరణం దగ్గర మొదలుపెట్టి, ఆ ఊరి పోలీసులు ఏమని నమోదు చేశారో తీర్పుల్లోంచి వెతికి, మళ్ళీ రాయి. సిరిమానోత్సవానికి మీవాళ్ళు విజయనగరం వస్తారు కదా, అప్పుడు దాన్ని వెంట తీసుకురా. ఆ రోజు ఊరంతా జనంతో నిండిపోతుంది కనుక ముందురోజే వచ్చి మా ఇంట్లో దిగితే తీరికగా కూర్చుని చదవవచ్చు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి